యాభై వేలు పెట్టి వాసన కొన్నామా?

నల్గొండ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు, కాలనీ బయట పెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకే అసలు సంగతులు మాత్రం ఇక్కడ చెప్తాను.

ఆమె ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తారు. ఇంట్లో భర్త, బడికి పోయే ఇద్దరు పిల్లలు, అత్తమ్మ ఉంటారు. నిరుడు దసరాకు చిట్టీ ఎత్తిన డబ్బులతో, దాదాపు యాభై వేలు పెట్టి డిష్‌వాషర్ కొన్నారు. గిన్నెలు తోమే అక్కను అప్పుడే మాన్పించారు. మొదటి రెండు మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. చుట్టాలు వస్తే మెషిన్ తలుపు తీసి మరీ చూపించేవాళ్లట. సంక్రాంతి దాటాక మొదలైంది వాసన. ఎండిన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియదు. నీళ్లు పోయగానే గుడ్డు నీచు లేస్తుంది. స్టీలు ప్లేట్ల మీద తక్కువ, గాజు గ్లాసుల్లో, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాల్లో ఎక్కువ. గాజు గ్లాసుల మీద తెల్లటి మసక కూడా పడుతోంది. పొద్దున్నే మెషిన్ తలుపు తీస్తే మాత్రం అది వేరే వాసన, మోరి కంపు.

పిల్లలకు పొద్దున గుడ్డు ఉండాల్సిందే. ఆ ప్లేట్లు మెషిన్‌లో పెట్టేసి కాలేజీకి వెళ్తారు. రాత్రి అందరూ తిన్నాక టాబ్లెట్, అంటే మెషిన్‌కు వాడే సబ్బు బిళ్ల పెట్టి మెషిన్ వేస్తారు, అదీ అరగంట ప్రోగ్రామ్. మెషిన్‌లో పోసే ఉప్పు అయిపోయిందని చెప్పే లైటు చాలా రోజులుగా వెలుగుతూనే ఉంది. సర్వీసుకు వచ్చిన మనిషి "టాబ్లెట్ వాడుతున్నారు కదా మేడం, ఉప్పు అవసరం లేదు, కావాలంటే రెండు టాబ్లెట్లు వేయండి" అని చెప్పి, ఒక క్లీనర్ డబ్బా అమ్మి వెళ్లాడు. రెండు వేసినా ఫలితం లేదు. మెషిన్ వాష్ ఏరియాలో ఉంది. దానికి బోరు నీళ్ల లైను ఇచ్చారు. మిషన్ భగీరథ నీళ్లు రోజు విడిచి రోజు సంపులో పడతాయి, అవి వంటకూ తాగడానికీ. మెషిన్‌లోంచి మురికి నీళ్లు పోయే పైపును మోరి జాలీలోంచి లోపలికి దూర్చి పెట్టారు.

అత్తమ్మ నీసు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మెషిన్‌లోంచి వచ్చిన ప్రతి గిన్నెనూ వెనక నల్లా దగ్గర కూర్చొని మళ్లీ తోముతున్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మొన్న ఒక పెళ్లిలో నలుగురి ముందు "మా కోడలు యాభై వేలు పెట్టి వాసన కొనుక్కొచ్చింది" అన్నారట. అందరూ నవ్వారట. భర్తకేమో ఏ వాసనా రాదు, "మీ ఇద్దరి ముక్కుల్లోనే ఉంది" అంటాడట. ఈ సోదరి అడిగినవి మూడు. మెషిన్ చెడిపోయిందా? అమ్మేయాలా? అత్తమ్మకు ఏమని చెప్పాలి?

సోదరీ, ముందు ఒక మాట. మీ అత్తమ్మ ముక్కును నమ్మండి. మీ ఆయనకు వాసన రాకపోవడం, వాసన లేదనడానికి సాక్ష్యం కాదు. చేపల మార్కెట్లో రోజంతా కూర్చునేవాళ్లకు చేపల వాసన తెలియదు. రోజూ గుడ్డు తినే ఇంట్లో గుడ్డు వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. నీసు మానేసిన మనిషికి అది చిటికెలో తెలుస్తుంది. ఆ ఇంట్లో ఈ పనికి అన్నిటికంటే పనికొచ్చే పరికరం ఆమె ముక్కే. దాన్ని ఎలా వాడుకోవాలో చెప్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివితే ఒకటి స్పష్టంగా కనిపించింది. మీరు చెప్తున్నది ఒక వాసన కాదు, రెండు. గ్లాసులో నీళ్లు పోస్తే లేచే నీచు ఒకటి. తలుపు తీస్తే కొట్టే మోరి కంపు ఇంకొకటి. రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. సర్వీసు మనిషి రెండింటినీ ఒక్క క్లీనర్ డబ్బాతో తేల్చేద్దామనుకున్నాడు, అందుకే ఏదీ తేలలేదు.

ఏదైనా మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకటి మెషిన్‌లోంచి వచ్చింది. మిగతా రెండూ మీరే చేత్తో సబ్బు పెట్టి బాగా తోమి, ఒకదాన్ని బోరు నీళ్లతో, ఇంకోదాన్ని భగీరథ నీళ్లతో కడగండి. మెషిన్ గ్లాసులో, భగీరథ గ్లాసులో ఫిల్టర్ నీళ్లు వేడి చేసి సగం దాకా పోయండి. బోరు గ్లాసులో మాత్రం వేడి చేసిన బోరు నీళ్లే పోయండి. మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత ఏది ఏదో చెప్పకుండా అత్తమ్మకు ఇచ్చి వాసన చూడమనండి. తాగనివ్వకండి, ఊరికే వాసన. మెషిన్ గ్లాసు ఒక్కటే నీచు కొడితే తప్పు కడగడంలో ఉంది. బోరు గ్లాసు కూడా కుళ్లిన గుడ్డులా కొడితే తప్పు నీళ్లలో ఉంది. కొన్ని బోర్లలో గంధకం వాయువు ఉంటుంది, వేడి చేస్తే అది ఇంకా పైకి తేలుతుంది. అప్పుడు మెషిన్‌ను ఎంత శుభ్రం చేసినా లాభం ఉండదు, నీళ్ల లైను మార్చాలి, లేదా ముందు ట్యాంకు కడిగించి చూడాలి. నా అంచనా మాత్రం మొదటిదే. ఎందుకంటే దసరా నుంచి సంక్రాంతి దాకా అదే బోరు, అదే మెషిన్, అదే గుడ్డు. వాసన లేదు.

మరి సంక్రాంతికి ఏం మారింది? ఉప్పు అయిపోయింది. మెషిన్ బిగించిన రోజు కంపెనీ మనిషి అడుగున ఉన్న ఉప్పు గదిని నింపి ఉంటాడు. మన బోరు నీళ్లకు అది రెండు మూడు నెలలకు మించి రాదు. మీ లెక్క సరిగ్గా సరిపోతోంది.

ఆ ఉప్పు గిన్నెల మీద పడేది కాదు. మెషిన్ లోపల నీళ్లను మెత్తబరిచే చిన్న ఏర్పాటు ఒకటి ఉంటుంది. అందులోని రెసిన్ గుళికలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని బదులుగా సోడియం వదులుతాయి. కొన్నాళ్లకు అవి నిండిపోతాయి. ఉప్పు నీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఉప్పు లేకపోతే గట్టి నీళ్లు గట్టిగానే లోపలికి వస్తాయి. అప్పుడు టాబ్లెట్‌లోని మందులో చాలా భాగం ఆ సున్నంతో కుస్తీ పట్టడానికే అయిపోతుంది, జిడ్డుకూ గుడ్డుకూ మిగలదు. మీ గాజు గ్లాసుల మీద తెల్లటి మసక ఆ సున్నమే. ఆ మసకలో గుడ్డు తెల్లసొన పొర సన్నగా ఇరుక్కుంటుంది. కంటికి కనిపించదు. ఎండినప్పుడు వాసన ఉండదు, తడి తగిలితే లేస్తుంది. "నీళ్లు పోస్తేనే వస్తుంది" అని మీరు రాసిన ఆ ఒక్క ముక్కతో నాకు సగం పని అయిపోయింది.

దానికి తోడు అరగంట ప్రోగ్రామ్. గుడ్డు మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములు డిష్‌వాషర్ మందులో ఉంటాయి. వాటికి గోరువెచ్చని నుంచి వేడి నీళ్లు, పైగా టైము కావాలి. అరగంటలో టాబ్లెట్ పూర్తిగా కరగడమే కష్టం. ఇంకో ఇబ్బంది, తెల్లసొన 60 డిగ్రీలు దాటాక గట్టిపడుతుంది. మామూలు ప్రోగ్రాములు ముందు చన్నీళ్లతో ఒకసారి తొలిచి, తర్వాత వేడెక్కుతాయి. తొందర ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ తొలుపు ఉండదు. పొద్దున ఏడింటి గుడ్డు ప్లేటు మన ఎండాకాలంలో మూసిన డబ్బాలో రాత్రి పదింటి దాకా ఎండితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రెండు టాబ్లెట్లు వేయడం వల్ల డబ్బు దండగ తప్ప ఏమీ జరగదు. ఎక్కువైన మందు సరిగా కడుక్కుపోక దాని వాసన అదొకటి తోడవుతుంది.

కాబట్టి ముందు ఉప్పు. డిష్‌వాషర్ ఉప్పు అనే అడిగి కొనండి. ఇంట్లో వాడే అయోడిన్ మెత్త ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి, దొడ్డుప్పులో మట్టీ మెగ్నీషియమూ ఉంటాయి. రెండూ వద్దు. కింది అర బయటికి తీస్తే అడుగున మూత కనిపిస్తుంది. నింపేటప్పుడు కొన్ని నీళ్లు పొంగి బయటికి వస్తాయి, భయపడకండి. నింపిన వెంటనే మాత్రం మెషిన్ ఒకసారి వేయండి, లేకపోతే ఒలికిన ఉప్పు స్టీలును తినేస్తుంది. పొరపాటున కూడా ఆ గదిలో సబ్బు పొడి పోయొద్దు, ఆ ఏర్పాటే పాడైపోతుంది.

ఉప్పు పోస్తే సరిపోదు, మీ నీళ్లు ఎంత గట్టివో మెషిన్‌కు చెప్పాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, షాపువాళ్లు కూడా ఆ సెట్టింగ్ ముట్టుకోరు. నీళ్ల పరీక్ష ల్యాబులో ఒక బాటిల్ బోరు నీళ్లు ఇస్తే మొత్తం కాఠిన్యం లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని రాసిస్తారు. ఆన్‌లైన్‌లో పరీక్ష పట్టీలు కూడా దొరుకుతాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది 200 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మెషిన్ మాన్యువల్‌లో ఈ లెక్క ఎక్కువగా జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది, ఇవి కాఠిన్యం కొలతలు, వేడివి కావు. ఒక డిగ్రీ అంటే దాదాపు 17.8 మిల్లీగ్రాములు. అంటే 600 ఉన్న నీళ్లు సుమారు 34 డిగ్రీలు. మీ మెషిన్ ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూడండి. అన్నీ కలిపిన టాబ్లెట్‌లో ఉప్పు పని కూడా ఉంటుందన్న సర్వీసు మనిషి మాట పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది ఒక మోస్తరు నీళ్లకే. మన బోర్లకు కాదు.

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి అది కూడా చెప్తాను. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు ఎప్పుడో స్థిరపడింది, అంత పేరు మోశాం మనం. ఈ వాసనకూ దానికీ సంబంధం లేదు. ఫ్లోరైడ్‌కు వాసన ఉండదు. మెషిన్‌లోని ఉప్పు ఏర్పాటు దాన్ని తీసేయదు కూడా. తాగే నీళ్ల విషయం తాగే నీళ్లదే.

నీళ్ల లైను మార్చాలా అన్నది మీ ఇష్టం. భగీరథ నీళ్లు నది నుంచి వచ్చేవి, సాధారణంగా బోరు కంటే మెత్తన. మెషిన్ ఒకసారికి తీసుకునేది పది లీటర్లు అటూ ఇటూ. సంపు నీళ్లు ఎక్కే ట్యాంకుకు లైను కలిపితే ఉప్పు తక్కువ ఖర్చవుతుంది, వేడిచేసే కడ్డీ మీద సున్నం తక్కువ పేరుకుంటుంది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు పైపు రిపేరు అంటూ వారం రాకపోతే మళ్లీ బోరు వైపే రావాలి, కాబట్టి రెండింటికీ వాల్వు పెట్టమని ప్లంబర్‌ను అడగండి. బోరుకు మారిన రోజున మెషిన్‌లో కాఠిన్యం అంకె మార్చడం మర్చిపోకూడదు. అంత గుర్తు పెట్టుకోలేం అనుకుంటే బోరు లైనే ఉంచి, బోరు లెక్కకే సెట్ చేసి, ఉప్పు మాత్రం తప్పకుండా పోస్తూ ఉండండి. ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టించుకోమని ఎవరైనా చెప్పొచ్చు. గీజరుకు, వాషింగ్ మెషిన్‌కు కూడా మంచిదే, కానీ ఒక్క గుడ్డు వాసన కోసం అంత ఖర్చు నేను చెప్పను. ఇంకోటి, ఆర్‌ఓ మెషిన్ వదిలే వేస్టు నీళ్లను గిన్నెలకు వాడే అలవాటు మా పాలమూరులో చాలా ఇళ్లలో చూశాను. చేత్తో తోముకోవడానికి ఎలాగో నడుస్తుంది, డిష్‌వాషర్‌లోకి మాత్రం వద్దు. అవి ఆర్‌ఓలోకి వెళ్లిన నీళ్ల కంటే గట్టివి.

ఇక మోరి కంపు. దీనికి కారణం మీరే రాశారు, కానీ చూసుకోలేదు. పైపు మోరి లోపలికి దూరి ఉంటే దాని కొస మురికి నీళ్లలో మునిగి ఉంటుంది. మెషిన్ ఆగాక గాలి, ఒక్కోసారి నీళ్లు కూడా, వెనక్కి మెషిన్ అడుగుకు వస్తాయి. రాత్రంతా తలుపు మూసి ఉంటే ఆ కంపు లోపలే ఊరుతుంది. పైపును ముందు పైకెత్తి, ఒక మెలిక తిప్పి, గోడకు క్లిప్పుతో బిగించి, తర్వాత కిందికి దించాలి. ఎంత ఎత్తు అన్నది మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. కొస మోరి నీళ్లను తాకకూడదు, పైపుకూ మోరికీ మధ్య గాలి ఆడాలి. వాష్ ఏరియా జాలీ కింద, కంపు పైకి రాకుండా నీళ్లు నిలిచి అడ్డుకునే ట్రాప్ ఉందో లేదో కూడా చూడమనండి. లేకపోతే మెషిన్ ఉన్నా లేకపోయినా ఆ గదిలో కంపు వస్తూనే ఉంటుంది. ఇది ప్లంబర్‌కు గంట పని. అన్నిటికంటే ముందు ఇదే చేయించండి, ఎందుకంటే ఫలితం మర్నాడే తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకు మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

ప్లంబర్ వచ్చిన రోజే స్విచ్ ఆపి ఫిల్టర్ తీయండి. నీళ్లు చిమ్మే కింది రెక్క కింద గుండ్రటి గొట్టంలా ఉంటుంది, ఎడమకు తిప్పితే వస్తుంది. మీ ఉత్తరంలో ఫిల్టర్ ఊసే లేదు, కొన్నప్పటి నుంచి తీయలేదనే అనుకుంటున్నాను. కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, ఆవాలు, అన్నం మెతుకులు, చికెన్ ఎముక ముక్కలు, అన్నీ అక్కడే ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో, సబ్బుతో తోమండి. ఫిల్టర్ కింద గుంతలో కొంచెం నీళ్లు నిలిచి ఉండటం మామూలే, స్పాంజితో అద్ది తీయండి. గాజు పెంకులు ఉండొచ్చు, చేతులు చూసుకోండి. నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాల్లో ఆవగింజలు ఇరుక్కుంటాయి, పుల్లతో తీయండి. తలుపు కింది అంచు, రబ్బరు మడత, ఈ రెండు చోట్లకూ మెషిన్ నీళ్లు సరిగా తగలవు. అక్కడ జిడ్డు పాచిలా పేరుకుంటుంది, అది నీచుకు నీచు, మోరికి మోరి. తడి గుడ్డతో తుడిస్తే మీకే తెలుస్తుంది. ఇకపై ఫిల్టర్ వారానికోసారి కడగాలి. ఆదివారం చికెన్ వండితే సోమవారం పొద్దున అనుకోండి.

అంతా అయ్యాక రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు లోపల చల్లి, గిన్నెలు లేకుండా అన్నిటికంటే వేడి ప్రోగ్రామ్ ఒకసారి వేయండి. కొన్న క్లీనర్ మిగిలి ఉంటే అదైనా సరే, రెండూ కలపకండి. వెనిగర్, వంటసోడా కలిపి పోయమని వీడియోల్లో చెప్తారు. అవి ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, నురగ తప్ప పని జరగదు. బ్లీచింగ్ జోలికి అసలే వెళ్లకండి. స్టీలుకు చెడు, పులుపుతో కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు మనిషికి ప్రమాదం.

ఆ ప్రోగ్రామ్ అయిపోగానే తలుపు తీసి చూడండి. ఆవిరి రావాలి, లోపల స్టీలు చేతికి వేడిగా తగలాలి. చల్లగా ఉంటే హీటరు పని చేయడం లేదు. అప్పుడే మెషిన్ చెడిపోయిందని అనాలి, అప్పుడే కంపెనీకి ఫోను చేయాలి, వారంటీ కార్డు తీయాలి. మీ మొదటి ప్రశ్నకు ఇదీ జవాబు.

ఇదంతా చేశాక కూడా పాత గ్లాసులు వాసన కొడితే కంగారు పడకండి. ఇన్ని నెలల పొర ఒక్కసారికి పోదు. ఇక్కడ అత్తమ్మ చేతి పనితనం పనికొస్తుంది. చింతపండు పులుసులో గాజు గ్లాసులు అరగంట నానబెట్టి, చేత్తో రుద్ది కడిగితే సున్నం పొర కరుగుతుంది, దాంతో పాటే నీచూ పోతుంది. ఇత్తడి చెంబులకు ఆమె ఇన్నేళ్లు చేసిందీ అదే కదా. నిమ్మ ఉప్పు నీళ్లూ అదే పని చేస్తాయి, కానీ నేనైతే చింతపండే అంటాను, దానికి కారణం ఆ పులుపు ఒక్కటే కాదు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. నూనె, మసాలా వాసన ప్లాస్టిక్ లోపలికే పోతుంది. పిల్లలకు స్టీలు డబ్బాలు కొనండి.

రోజూ చేసే పనిలో మార్చాల్సింది నిజానికి గుడ్డు ప్లేట్ల దగ్గరే. తిన్న వెంటనే చన్నీళ్లతో, వేడి నీళ్లతో కాదు, ఒకసారి తొలిచి పెడితే చాలు. పిల్లలు చేయగల పని అది, బడికి పోయే పిల్లలు కదా. అది కుదరకపోతే ఆ నాలుగు ప్లేట్లూ చేత్తోనే కడిగేసుకోండి, మెషిన్‌లో పెట్టకండి, అందులో నామోషీ ఏమీ లేదు. రాత్రి అరగంట ప్రోగ్రామ్ మానేసి వేడి ప్రోగ్రామ్ వేయండి. ఒకసారికి ఒక యూనిట్ అటూ ఇటూ కరెంటు కాలుతుంది. ఇప్పుడు రెండో టాబ్లెట్‌కు పెడుతున్న డబ్బుతో పోలిస్తే నష్టమేం లేదు. టైము రెండు గంటలు దాటుతుంది, మీరు పడుకున్నాక అదే నడుస్తుంది. ఎకో ప్రోగ్రామ్ అయితే కరెంటు ఇంకా తక్కువ, నీళ్ల వేడి కూడా తక్కువే. వారంలో ఎక్కువ రోజులు ఎకో వేసినా, నీసు వండిన రోజు వేడిదే వేయండి. మధ్యలో కరెంటు పోతే వచ్చాక మెషిన్ ఆగిన చోటు నుంచే మొదలైందో లేదో ఒకసారి చూసుకోండి, లేదంటే మురికి నీళ్లు తెల్లారేదాకా అలాగే నిలిచిపోతాయి. పొద్దున లేవగానే తలుపు బెత్తెడు తెరిచి పెట్టండి.

ఇక అత్తమ్మ. ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువగా బాధ పెట్టింది వాసన కాదని నాకు తెలుస్తోంది. పెళ్లిలో ఆ మాట, ఆ నవ్వులు. మీ చిట్టీ డబ్బు అది. అయినా ఒకటి చూడండి. ఆమె మెషిన్ వద్దని గొడవ చేయలేదు, గిన్నెలు విసిరేయలేదు. మోకాళ్ల నొప్పులతో కూర్చొని మళ్లీ తోముతున్నారు. ఆ పని మిమ్మల్ని దెప్పడానికి చేస్తున్నారా, తన గ్లాసులో నీళ్లు తాను తాగలేక చేస్తున్నారా? నాకు రెండోదే అనిపిస్తోంది. నీసు మానేసిన మనిషి గ్లాసు రోజూ గుడ్డు ప్లేట్ల పక్కన, అవే నీళ్లలో తిరుగుతోంది. వాసన పూర్తిగా పోయినా ఆ పట్టింపు పోకపోవచ్చు. అది సబ్బుతో పోయేది కాదు.

మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఆమె ప్లేటు, గ్లాసు, చెంబు, పూజ సామాను మెషిన్‌లో పెట్టకుండా విడిగా ఉంచడం ఒకటి. ఇత్తడి, రాగి సామాను ఎలాగూ మెషిన్‌లో పెట్టకూడదు, సిల్వర్ (అల్యూమినియం) గంజులు కూడా నల్లబడతాయి, కాబట్టి చేత్తో తోమే సామాను ఏ ఇంట్లోనైనా కొంత మిగులుతుంది. అయితే ఈ మాట మీ నోటి నుంచి వస్తే "నన్ను వేరు పెట్టారు" అని ఆమె అనుకునే ప్రమాదం ఉంది. అందుకే మీరు చెప్పకండి, అడగండి. "అత్తమ్మా, నీ గ్లాసు మెషిన్‌లో పెట్టనా, వద్దా?" అని. వద్దంటే అది ఆమె నిర్ణయం అవుతుంది. పెట్టమంటే, నీసు లేని రోజు ఆమెవీ, పాలగిన్నెలూ కలిపి ఒకసారి, మిగతావి వేరే రోజు వేయొచ్చు. నీళ్లూ కరెంటూ కొంచెం ఎక్కువవుతాయి, ఇంటి శాంతికి అది పెద్ద ఖర్చు కాదు. మూడోది, ఏమీ మార్చకుండా మెషిన్ బాగుచేసి, మూడు గ్లాసుల పరీక్ష మళ్లీ పెట్టి ఆమెతోనే వాసన లేదనిపించడం. ఇది పనిచేస్తే అన్నిటికంటే మంచిదే. కానీ నలుగురిలో ఆమెను తప్పు అనిపించడానికి ఈ పరీక్ష వాడితే మొదటికే మోసం వస్తుంది. మీ ఆయన ఆ సమయంలో బజారుకు పోతే ఇంకా మంచిది.

పెళ్లి మాట గురించి నిలదీయాలా వద్దా అని మీరు సూటిగా అడగలేదు, కానీ రాసిన తీరులో ఆ ప్రశ్న ఉంది. నేనైతే ఇప్పుడు వద్దంటాను. వాసన ఉండగా ఆమె అన్నది నిజమే కాబట్టి మీకు గెలుపు ఉండదు. వాసన పోయాక కూడా అదే మాట అంటే అప్పుడు అడగండి, నవ్వుతూ కాదు, నేరుగానే.

అమ్మేయడం గురించి. ఇప్పుడు అమ్మితే సగం ధర కూడా రాదు, కొనేవాళ్లు కూడా వాసన చూసే కొంటారు. ఉప్పు, పైపు, ఫిల్టర్ ఈ మూడూ సరి చేసి, ఒక నెల వేడి ప్రోగ్రామ్‌తో నడిపి చూడండి. అప్పటికీ అత్తమ్మ ముక్కు ఒప్పుకోకపోతే, హీటరు బాగున్నా గ్లాసులు కొడుతుంటే, అప్పుడు అమ్మే ఆలోచన చేయొచ్చు. ఈలోపు మీరు మాన్పించిన అక్కను వారానికి రెండు మూడు రోజులు, పెద్ద గంజులు, కడాయిలు, ఇత్తడి సామాను వరకు మళ్లీ పిలవొచ్చేమో చూడండి. ఆమె జీతం ఖర్చు కొంత మీద పడుతుంది, మెషిన్ కొన్నాక కూడా మనిషి ఎందుకని మీ ఆయన అనొచ్చు. కానీ అత్తమ్మ వెనక నల్లా దగ్గర కూర్చోవడం రేపటి నుంచే ఆగాలంటే ఇంతకంటే త్వరగా అయ్యే పని నాకు కనిపించలేదు. ఆ అక్క ఇప్పటికే వేరే ఇల్లు ఒప్పుకొని ఉంటే మాత్రం, ఉప్పు ప్యాకెట్ వచ్చేదాకా గాజు గ్లాసులు అలమారలో పెట్టి అందరూ స్టీలు గ్లాసులే వాడండి. వాటికి పొర తక్కువ పడుతుందని మీరే రాశారు.